పన్నెండో వంతు

ఐసీయూ గుమ్మంలో చెప్పులు విడిచేసరికి మూడు గంటల ఇరవై నిమిషాలైంది. నాలుగింటికి విజిటర్స్‌ని వదులుతారు. వాళ్ళొచ్చాక ఆ గదిలో నా పని సాగదు. అంటే నా చేతిలో ఉన్నది సరిగ్గా నలభై నిమిషాలు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక డిటెక్టివ్ పనిలో పడ్డాను. అందరూ ఇప్పటికీ లెక్కల మాస్టారనే అంటారు. పిలుపు మారలేదు, పనీ పెద్దగా మారలేదు. అప్పుడు పిల్లల తప్పు ఏ మెట్టులో ఉందో వెతికేవాణ్ణి, ఇప్పుడు పెద్దల తప్పు వెతుకుతున్నాను. పెద్దలు అబద్ధాలు ఎక్కువ చెబుతారు, అంతే తేడా.

ఈ కేసు తెచ్చింది ఒక అక్క. ఆమె చెల్లెలు ఇక్కడ నర్సు, ఆస్పత్రిలో అందరూ చిన్న సిస్టర్ అంటారు. మూడు వారాల్లో ఏడో బెడ్ మీద ఇద్దరు పోయారు. ఇద్దరికీ చివరి రోజుల్లో రక్తంలో సోడియం, అంటే ఉప్పు, ఉండాల్సిన నూట నలభై దాటి నూట అరవైకి ఎక్కింది. మందుల బీరువాలోంచి గాఢమైన ఉప్పు నీళ్ళ బాటిల్ ఒకటి మాయమైంది. మొన్న సాయంత్రం పోలీసులు చిన్న సిస్టర్‌ని పట్టుకుపోయారు. రేపు పొద్దున పదింటికి కోర్టులో పెడతారు. "మా చెల్లి చీమకైనా అపకారం చెయ్యదండీ," అని అక్క ఏడ్చింది. "చీమల సంగతి వదిలెయ్యమ్మా, మనుషుల సంగతి చెప్పు," అన్నాను. నా నోరు అలాంటిది. ఆవిడ వెళ్ళిపోయాక చాలాసేపు బాధపడ్డాను.

ఏడో బెడ్ మీద ఇప్పుడు మూడో మనిషి ఉన్నాడు. వాచీలు బాగుచేసే పెద్దాయన. నిన్న, చిన్న సిస్టర్ లాకప్‌లో ఉండగానే, ఆయన రిపోర్టు మొన్నటిలాగే నూట అరవై దాటి, నూట అరవై రెండు చూపించింది. నేను ఇవాళ లెక్క తేల్చకపోతే ఇద్దరు పోతారు. ఒకరు జైలుకి, ఒకరు పైకి.

గుమ్మం పక్కన స్టూలు మీద ఒక లేడీ కానిస్టేబుల్ కూర్చుని ఉంది.

"ఎవరికమ్మా కాపలా?"

"సార్ కూర్చోమన్నారండి. కూర్చున్నా."

అసలైన పోలీసు జవాబు. ఏడో బెడ్‌కే అనుకుని లోపలికి నడిచాను. ఆ ప్రశ్న ఇంకొక్కసారి అడిగి ఉంటే ఎంత బాగుండేదో తర్వాత తెలిసింది.

ఆ గదికి కిటికీలు లేవు. ఎనిమిది బెడ్లు, ఎనిమిది మెషిన్లు, ఎప్పుడూ ఆర్పని తెల్లటి ట్యూబులైట్లు. అక్కడ పొద్దు పొడవదు, గుంకదు. మెషిన్లు ఊపిరి తీస్తుంటే మనుషుల ఛాతీలు లేచి పడుతున్నాయి. ఎవరూ మాట్లాడరు, కానీ గదిలో చప్పుడు ఆగదు. ఆ చివర, వెనక తలుపు పక్కన, మూడో బెడ్ చుట్టూ ఆకుపచ్చ తెర లాగి ఉంది. ఒక ఆయా గిన్నెలో తడి దూది పట్టుకుని ఆ తెర వెనక్కి వెళ్ళింది.

ఏడో బెడ్ ఈ చివర. పెద్దాయన నోట్లో గొట్టం, ముక్కులో ఇంకో గొట్టం. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. కుడిచేతి రెండు వేళ్ళు దుప్పటి మీద ఏదో చిన్న తాళం తిప్పుతున్నట్టు ఆగకుండా కదులుతున్నాయి. వాచీకి కీ ఇస్తున్నాడు. ఏ వాచీకో ఆయనకే తెలియాలి.

"మత్తులో ఉన్నారు. మనం మాట్లాడుకోవచ్చు," అంది పెద్ద సిస్టర్. మూడింటికే డ్యూటీ ఎక్కింది, ఈ వార్డులో ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఆవిడది. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడితే డాక్టర్లు కూడా దారి ఇస్తారట.

"ఈయనకి రోజుకి ఎంత ఉప్పు వెళ్తోంది సిస్టర్?"

చార్టు తీసి చూపించింది. "సెలైన్ డ్రిప్పు అర లీటరు. లీటరుకి తొమ్మిది గ్రాములు. కాబట్టి నాలుగున్నర."

"అంతేనా?"

"ముక్కు గొట్టంలో పోసే ఫీడులో ఒక గ్రాములోపు."

"అంతేనా?"

బడిలో ఈ ప్రశ్న రెండోసారి అడిగితే పిల్లలు పలక వైపు చూసేవాళ్ళు. ఆవిడ మంచం కింద ఉన్న చెత్త డబ్బా వైపు చూసింది. నేను వంగి మూత తీశాను. వాడేసిన సిరంజిలు. పొద్దుట్నుంచి పంతొమ్మిది. ఒక్కోదానికీ తెల్లటి చీటీ అంటించి ఉంది, మందు పేరు, టైమ్.

"ఇవేంటి?"

"మందు ఎక్కించాక లైన్, అదే చేతికి పెట్టిన సన్న గొట్టం, మూసుకుపోకుండా కాస్త సెలైన్ తోస్తాం. పొడి మందులు కలపడానికీ అదే."

"చార్టులో లేవు."

"అవి... రాయం మాస్టారూ." డబ్బా మూత మూసింది. "డ్రిప్పు రాస్తాం. చిల్లర సిరంజిలు ఎవరూ రాయరు. ఈ ఆస్పత్రిలోనే కాదు, ఎక్కడా రాయరు."

"చిన్న సిస్టర్ రాసేది."

జేబులోంచి జిరాక్సు కాగితాలు తీశాను. చిన్న సిస్టర్ నోటుబుక్కు అది. అక్క ప్లీడరు ద్వారా సంపాదించింది. పెన్సిలుతో గళ్ళు గీసి, ఒక్కో పేషెంటుకి ప్రతి సిరంజీ లెక్క కట్టింది ఆ పిల్ల. ఏడో బెడ్‌కి చిల్లర సిరంజిలే రోజుకి నాలుగు వందల మిల్లీ. అంటే మూడు పాయింట్ ఆరు గ్రాముల ఉప్పు, చార్టులో ఎక్కడా కనపడనిది. అన్నీ కలిపి తొమ్మిది గ్రాములు. పక్క గడిలో యూరిన్‌లో పోయింది ఎనిమిది.

"ఎంత చాదస్తం అని తిట్టేదాన్ని," అంది పెద్ద సిస్టర్. "దీనికింత తీరిక ఎక్కడిది అనేదాన్ని."

చివరి పేజీలో, మొన్నటి తేదీ కింద, ఒక్క వాక్యం ఉంది. "రక్తం ఎందుకు పలచబడింది? సార్‌ని అడగాలి." పొద్దున మూడుసార్లు చదివినా నాకది అర్థం కాలేదు.

"రక్తం ఎన్నింటికి తీస్తారు?"

"నాలుగింటికి. రోజుకొక్కసారి. ట్యూబులు ఆ గుమ్మం దగ్గరి ట్రేలో పెడతారు, నాలుగూ ఏడుకి ల్యాబ్ మనిషి పట్టుకెళ్తాడు."

"ఆ ఏడు నిమిషాలూ మీరెక్కడుంటారు?"

"విజిటర్స్ దగ్గర. గౌన్లు తొడగాలి, చేతులు కడిగించాలి, ఏడ్చేవాళ్ళని ఓదార్చాలి. సిస్టర్లందరం అక్కడే."

ఏడు నిమిషాలు ట్రే దగ్గర ఎవరూ లేరు. రాసుకున్నాను.

ఆయా తెర వెనక నుంచి వచ్చి ఏడో బెడ్ దగ్గర ఆగింది. పెద్దాయన పెదవుల మీద తడి దూది ఆనించింది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. మళ్ళీ ఆనించింది. తల అటూ ఇటూ ఊపాడు. మత్తులోనే, మెల్లగా, ఆగకుండా.

"దాహం వెయ్యట్లేదా అమ్మా ఈయనకి?"

ఆయా నా మొహంలోకి చూసి గొంతు తగ్గించింది. "అదేనండీ నాకు భయం. ఈ మంచం మీద పోయిన ఇద్దరూ ఇలాగే. నీళ్ళు పోస్తుంటే వద్దు వద్దని తల ఊపుతానే ఉన్నారు. మొదటాయన మాట్లాడలేడు గానీ, నా చెయ్యి పట్టుకుని తోసేశాడండి. ఉప్పు ఎక్కినోళ్ళని నేను చూళ్ళేదా? నీళ్ళ కోసం గొట్టాలు పీక్కుంటారు. నాలిక అట్ట కట్టిపోద్ది. వీళ్ళకేంటండీ, చెమ్మగా ఉంటది."

టార్చి వేసి పెద్దాయన నోట్లోకి చూశాను. నాలుక తడిగా మెరుస్తోంది. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. మోచేతి మీద బొటనవేలు నొక్కి తీస్తే గుంట అలాగే ఉండిపోయింది. కాగితం ఎండిపోయాడంటోంది. ఒళ్ళు నీళ్ళలో నానిపోయానంటోంది.

"ఈయనకి నీళ్ళెందుకు పోస్తున్నారు సిస్టర్?"

"సోడియం ఎక్కితే అదేగా వైద్యం. ముక్కు గొట్టంలో గంటకి రెండొందలు మంచినీళ్ళు. పక్కన చక్కెర నీళ్ళ డ్రిప్పు. మొన్నటి నుంచీ. పెద్ద డాక్టర్ గారి ఆర్డరు."

అప్పుడే వెనకనుంచి బూట్ల చప్పుడు. ఐసీయూలోకి బూట్లతో వచ్చే ధైర్యం ఈ ఊళ్ళో ఒక్కడికే ఉంది.

"మాస్టారూ! ఇక్కడ కూడా హోంవర్క్ ఇస్తున్నారా?"

ఇన్‌స్పెక్టర్. ఏడో తరగతిలో మూడో బెంచీ. నా చేత తిన్న మొట్టికాయలు ఇంకా మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు. పుస్తకం వెనక పేజీలో జవాబు చూసి, దానికి సరిపోయేలా మెట్లు అల్లేవాడు. ఇప్పుడు కేసులూ అలాగే చేస్తున్నాడని నా అనుమానం.

"ఇచ్చేవాణ్ణే. నువ్వు చెయ్యవుగా. ముందు బూట్లు విప్పు."

విప్పలేదు. గడియారం చూశాను. మూడూ ముప్ఫై ఎనిమిది.

"నోటుబుక్కు చదివారా?" అన్నాడు నా చేతిలోని కాగితాలు చూసి. "ఏ పేషెంటుకి ఎన్ని గ్రాముల ఉప్పు పోయిందో ఒక నర్సు ఎందుకు రాసుకుంటుంది చెప్పండి? అది హంతకురాలి డైరీ మాస్టారూ. కోర్టులో చదివి వినిపిస్తే చాలు."

"ఇంకెవరూ రాయట్లేదు కాబట్టి రాసుకుంది. నీ లెక్క చెప్పు. ఆ పిల్ల ఏం చేసింది?"

"మాయమైన ఉప్పు బాటిల్ ఈయనకి ఎక్కించింది. సోడియం నూట అరవై రెండు."

"ఉండాల్సింది నూట నలభై. ఎంత పెరిగింది?"

"ఇరవై రెండు." విసుక్కున్నాడు గానీ చెప్పాడు. పాత అలవాటు.

"అది లీటరుకి. సిస్టర్, ఈ వయసుకి, ఈ బరువుకి, ఒంట్లో నీళ్ళెన్ని?"

"ఉజ్జాయింపుగా ముప్ఫై లీటర్లు."

"లీటరుకి ఒక్క పాయింటు పెరగాలంటే ఎంత ఉప్పు?"

"యాభై ఎనిమిదిన్నర మిల్లీగ్రాములు."

"గుణించరా."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీశాడు. మొహం చిట్లించాడు. "ముప్ఫై ఎనిమిది వేల ఆరువందల పది."

"అంటే ముప్ఫై తొమ్మిది గ్రాములకి కాస్త తక్కువ. మాయమైన బాటిల్‌లో ఎంత?"

"వంద మిల్లీ, నూటికి మూడు పాళ్ళు. మూడు గ్రాములు," అంది పెద్ద సిస్టర్.

"పదమూడు బాటిళ్ళు కావాలి ఇన్‌స్పెక్టర్ గారూ. పోయింది ఒకటి."

ఫోన్ జేబులో పెట్టేశాడు. కానీ పోలీసువాడు ఓడిపోయినట్టు ఒప్పుకుంటే యూనిఫారం బిగుతవుతుంది. "మిగతాది నోటుబుక్కులో ఉందిగా! రోజుకి తొమ్మిది గ్రాములు అని మీ అమ్మాయే రాసుకుంది."

"పక్క గడి చదవలేదా? ఎనిమిది బయటికి పోయింది. రోజుకి మిగిలింది ఒక్క గ్రాము. నువ్వు ఇంకా సగం లెక్కే చూస్తావా?"

"అయితే సోడియం ఎక్కడిది? గాల్లోంచి వచ్చిందా?"

మంచి ప్రశ్న. ఇన్నేళ్ళలో వాడు వేసిన మొదటి మంచి ప్రశ్న.

ఉప్పు మనిషిలోకి వెళ్ళలేదు. మరి కాగితం మీదికి ఎలా వెళ్ళింది?

మంచం కాళ్ళ దగ్గర తగిలించిన ఫైలు తీశాను. చేరిన రోజు రిపోర్టు, నిన్నటి రిపోర్టు పక్కపక్కన పెట్టాను. నిన్నటిదాంట్లో సోడియం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, కింద పెద్ద డాక్టర్ గారి సంతకం, నీళ్ళు ఆపొద్దని ఆర్డరు. అందరి కళ్ళూ ఆ ఎర్ర సున్నాలోకే పోతాయి. నాకు చిన్నప్పటినుంచీ ఒక రోగం ఉంది. అంకెల పట్టీ ఇస్తే మొత్తం చదువుతాను.

చేరిన రోజు హిమోగ్లోబిన్ పన్నెండు, నిన్న పదకొండు. పొటాషియం నాలుగు పాయింట్ ఎనిమిది, నిన్న నాలుగు పాయింట్ నాలుగు. కాల్షియం తొమ్మిది పాయింట్ ఆరు, నిన్న ఎనిమిది పాయింట్ ఎనిమిది. ప్రొటీన్ ఏడు పాయింట్ రెండు, నిన్న ఆరు పాయింట్ ఆరు.

మళ్ళీ చూశాను.

"పన్నెండో వంతు," అన్నాను. "ప్రతిదీ సరిగ్గా పన్నెండో వంతు తగ్గింది. ఒక్క సోడియం తప్ప."

"అయితే ఏంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రోగం ఇంత సమంగా పంచదురా. ఒకటి తగ్గిస్తుంది, ఒకటి పెంచుతుంది. అన్నిటినీ ఒకే వంతు తగ్గించేది ఒక్కటే, కలిపిన నీళ్ళు. పదకొండు పాళ్ళ రక్తంలో ఒక పాలు ఆ బాటిల్‌లోని ఉప్పు నీళ్ళు కలిపారు. ట్యూబులో! అందుకే ఒక్క బాటిల్ చాలింది. అందులో సగం కూడా అయిపోయి ఉండదు."

రక్తం ఎందుకు పలచబడింది? మొన్నటి పట్టీ ఆ పిల్ల ఇలాగే మొత్తం చదివింది. ఈ ఆస్పత్రిలో నాకంటే ముందు చదివింది ఆ పిల్లే.

పెద్ద సిస్టర్ మంచం కమ్మీ పట్టుకుంది. "అంటే ఈయనకి సోడియం పెరగలేదా?"

"పెరగలేదు. పెరిగిందని నమ్మి మీరు రెండ్రోజులుగా నీళ్ళు పోస్తున్నారు. ఇప్పుడెంతుందో నాకు తెలీదు. ముందు పోయిన ఇద్దరూ ఎలా పోయారు సిస్టర్?"

"ఫిట్స్ వచ్చి," అంది. "మెదడు వాచి. ఉప్పు వల్లనే అనుకున్నాం, నీళ్ళ వల్లన్నమాట. దేవుడా! నా చేతుల్తో పోశాను మాస్టారూ. వాళ్ళు వద్దంటుంటే నేనే పోయించాను."

అప్పుడు ఆవిణ్ణి ఓదార్చి ఉండాలి. నాకు టైమ్ లేదు. మూడూ నలభై ఎనిమిది.

"ఇప్పుడే రక్తం తియ్యండి. లైన్లోంచి కాదు, రెండో చేతి నుంచి. ల్యాబ్‌కి వద్దు. వేరే చోట చూడగలమా?"

"ఆపరేషన్ థియేటర్లో మెషిన్ ఉంది. రెండు నిమిషాల్లో చెబుతుంది."

"ఆగండాగండి," అడ్డొచ్చాడు ఇన్‌స్పెక్టర్. "డాక్టర్ ఆర్డరు లేకుండా రక్తం ఎలా తీస్తారు? పైగా ఆ అమ్మాయి తరఫువాళ్ళు ఇచ్చిన డబ్బుతో వచ్చిన మనిషి మాట మీద! రేపు కోర్టులో ఈ సిస్టర్ ఉద్యోగం పోతుంది, చెప్తున్నా."

పెద్ద సిస్టర్ అప్పటికే సూది విప్పుతోంది. "పోనీ," అంది. "ఇల్లు కాలుతుంటే చుట్టకి నిప్పడిగినట్టుంది మీ సంగతి. తప్పుకోండి."

తప్పుకున్నాడు. ఆవిడ ఎడమచేతి నుంచి రక్తం తీసుకుని పరుగులాంటి నడకతో ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోయింది.

మేమిద్దరం మిగిలాం. పెద్దాయన వేళ్ళు కీ తిప్పుతూనే ఉన్నాయి. ఆ చివర తెర వెనక్కి ఆయా మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చింది. గిన్నెలో దూది వెళ్ళినప్పుడు ఎంత తడిగా ఉందో ఇప్పుడూ అంతే తడిగా ఉంది. అది చూశాను. చూసి కూడా ఆలోచించలేదు. నా బుర్ర అంతా పన్నెండో వంతులోనే ఇరుక్కుని ఉంది.

మూడూ యాభై ఏడుకి పెద్ద సిస్టర్ వచ్చింది. చేతిలో చిన్న కాగితం చీలిక. ఇవ్వలేదు. చదివింది.

"నూట ఇరవై ఒకటి."

నూట అరవై రెండు కాదు. నూట ఇరవై ఒకటి. ఇంకో పూట నీళ్ళు పోస్తే పెద్దాయన మూడోవాడయ్యేవాడు. ఆవిడ ఎవర్నీ అడగలేదు. ముక్కు గొట్టం క్లిప్పు మూసేసింది. చక్కెర నీళ్ళ డ్రిప్పు ఆపేసింది. "థియేటర్ డాక్టరమ్మ వస్తోంది. మిగతాది ఆవిడ చూసుకుంటుంది," అంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

ఇన్‌స్పెక్టర్ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. జవాబు వెనక పేజీలో లేదు. "సరే," అన్నాడు చివరికి. "ట్రే దగ్గర ఏడు నిమిషాలు ఎవరూ ఉండరు. ఎవడైనా కలిపి ఉండొచ్చు. నర్సుని విడిపించడానికి ఆ అక్కే ఎవరి చేతో నిన్న కలిపించి ఉండొచ్చు."

"ముందు ఇద్దరికీ ఎవరు కలిపించారు, మీ తాతా?" కసిరాను. కానీ వాడు అన్నదాంట్లో ఒక మాట ముల్లులా గుచ్చుకుంది. ఎవడైనా. నేను ఎన్నింటికి తీస్తారని అడిగాను, ఎక్కడ పెడతారని అడిగాను. లెక్కల్లో ఎంత అన్న ప్రశ్నే గాని ఎవరు అన్న ప్రశ్న ఉండదు. అదే నా జబ్బు.

"సిస్టర్, మీరందరూ విజిటర్స్ దగ్గరుంటే నాలుగింటికి రక్తం తీసేదెవరు?"

"ఇంకెవరు, పెద్ద డాక్టర్ గారే. మాకు సాయంగా ఆ ఒక్క పనీ ఆయనే చేస్తారు. అంత పెద్దాయన స్వయంగా సిరంజి పట్టుకుంటే అందరం ఎంత మెచ్చుకుంటామో..."

ఆవిడ మాట మధ్యలో ఆగిపోయింది.

ఎర్ర సున్నా నా కళ్ళ ముందుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా రోజుకి వంద రిపోర్టులు చదివే మనిషి. నేను పది నిమిషాల్లో చూసింది ఆయన కంట పడలేదా? పడక కాదు. మిగతా అంకెలు మనకి కనపడకూడదని ఒక్కదాని చుట్టూ సున్నా చుట్టాడు. ఎందుకన్నది నాకు ఇంకా తెలీదు. ఎలా అన్నది తెలిసింది.

"సార్‌ని అడగాలి," అన్నాను. "మొన్న ఆ పిల్ల అడిగింది. రక్తం ఎందుకు పలచబడిందని ఆయన్నే అడిగింది. నీకు ఫిర్యాదు ఎవరిచ్చారు?"

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గింది. "పెద్ద డాక్టర్ గారే ఫోన్ చేశారు. మొన్న ఐదున్నరకి."

"వెంటనే స్టేషన్‌కి ఫోన్ చెయ్యి. ఆ పిల్లని జాగ్రత్తగా చూడమను. దగ్గరికి ఎవర్నీ రానివ్వద్దని చెప్పు."

వాడు ఫోన్ తియ్యలేదు. ముప్ఫై ఏళ్ళ కింద లెక్క తప్పు చేసి బోర్డు దగ్గర నిలబడ్డప్పటి మొహమే అది.

"మాస్టారూ... ఆ అమ్మాయి స్టేషన్‌లో లేదండి. రెండ్రోజులుగా అన్నం తినక మధ్యాహ్నం పడిపోయింది. డాక్టర్ గారే ఫోన్ చేసి, మా పిల్లే కదా, పంపించండి, నేనే చూసుకుంటానన్నారు. రెండింటికి వెనక తలుపులోంచి తెచ్చి, ఎవరికీ చెప్పొద్దని ఆ తెర వెనక..."

గుమ్మంలో కానిస్టేబుల్. తెర వెనక కూడా ఎవరూ చప్పరించని తడి దూది. ఆకుపచ్చ తెర. నలభై నిమిషాలుగా ఆ పిల్ల నేనున్న గదిలోనే ఉంది.

గడియారం నాలుగు చూపించింది. ముందు గుమ్మం దగ్గర విజిటర్స్ గొంతులు మొదలయ్యాయి. సిస్టర్లందరూ అటు నడిచారు. మేం ముగ్గురం ఇటు నడిచాం. ఎవరం పరిగెత్తలేదు. పరిగెడితే చప్పుడవుతుందని ముగ్గురికీ తెలుసు. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడు విప్పాడో, కాళ్ళకి బూట్లు లేవు.

మూడో బెడ్ తెర కింద తెల్లటి వార్డు చెప్పుల జత కనపడుతోంది. వెనక తలుపు ఇంకా మెల్లగా ఊగుతోంది. లోపల్నుంచి నెమ్మదైన, దయగల గొంతు వినిపించింది.

"సిస్టర్, వచ్చారా? ఈ పిల్లకి నీళ్ళు డబుల్ చెయ్యండి. సోడియం నూట అరవై నాలుగు. పాపం, ఒళ్ళంతా ఎండిపోయింది."

పెద్ద సిస్టర్ తెర లాగింది.

చిన్న సిస్టర్ కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు తడిగా మెరుస్తున్నాయి. తల దిండు మీద అటూ ఇటూ ఊగుతోంది, మెల్లగా, ఆగకుండా. వద్దు, వద్దు, వద్దు. పైన స్టాండుకి రెండు చక్కెర నీళ్ళ బాటిళ్ళు వేలాడుతున్నాయి, ఒకటి ఖాళీ. పక్కన పెద్ద డాక్టర్ గారు నిలబడి ఉన్నారు. నెరిసిన జుట్టు, మంచి చిరునవ్వు. ఎడమచేతిలో అప్పుడే తీసిన రక్తం సిరంజి. ట్రేలో ట్యూబు, మూత కూడా తియ్యలేదు.

అందులో ఇంకా ఒక్క చుక్క పడలేదు. ఆయన అంకె చెప్పేశాడు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ గొంతు ఏం చెప్పినా పెద్ద సిస్టర్ జవాబు ఒకటే, సరే సార్. ఇప్పుడు ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"రిపోర్టు ఏది సార్?"

డాక్టర్ గారు ఆవిణ్ణి చూశారు. నన్ను చూశారు. ఇన్‌స్పెక్టర్ ఉత్త కాళ్ళు చూశారు. చిరునవ్వు చెరగలేదు.

"వస్తుంది సిస్టర్," అన్నారు. "తొందరేముంది?"

అప్పుడు ఆయన కుడిచెయ్యి చూశాను. పిల్ల మోచేతి లైన్‌కి ఇంకో సిరంజి బిగించి ఉంది, నిండుగా. బొటనవేలు దాని మీద ఆనించి ఉంది. ఈ వార్డులో చిల్లర సిరంజిలు ఎవరూ లెక్క రాయరు గానీ, ప్రతిదానికీ తెల్ల చీటీ మాత్రం అంటిస్తారు. దానికి చీటీ లేదు.